ఎడమచేతి వాటం వాళ్ళకు బేస్ గిటార్: కొనడం ఎలా, కుడిచేతి బేస్‌ను మార్చుకోవడం ఎలా

"మావాడిది ఎడమచేతి వాటం. చర్చిలో బేస్ వాయిస్తానంటున్నాడు. షాపులో ఉన్నదాన్నే తిప్పి పట్టుకుంటే సరిపోతుందా?" శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ ఈ ప్రశ్న తరచూ వస్తోంది.

తిప్పి పట్టుకున్నంత మాత్రాన సరిపోదు. తీగల వరస మార్చి, నట్ (తల దగ్గర తీగలు కూర్చునే గాడుల ముక్క) సరిచేసి, స్ట్రాప్ బటన్ (భుజం పట్టీ తగిలించే బొడిపె) జరిపితే చాలా బేస్‌లు పనికొస్తాయి. కొన్ని ఎంత చేసినా రావు. నా మాట ముందే చెప్పేస్తాను: డబ్బు సర్దుబాటయితే ఎడమచేతి వాళ్ళకోసమే చేసిన బేస్ కొనండి. మార్చే పని పెట్టుకుంటే చవక సెకండ్‌హ్యాండ్ బేస్ మీద పెట్టుకోండి. మంచి బేస్‌ని తెచ్చి దానిమీద ఆకురాయి పెట్టొద్దు.

## 1. ముందు ఏ చేతికి ఏ పనో తేల్చుకోండి

ఎడమచేత్తో అన్నం తినేవాళ్ళందరూ, రాసేవాళ్ళందరూ ఎడమచేతి బేస్ వాయించాలని లేదు. మన దగ్గర వీణ, వయొలిన్ నేర్చుకునే ఎడమచేతి వాటం పిల్లలు ఎక్కువగా కుడిచేతి పద్ధతిలోనే నేర్చుకుంటారు. మృదంగం మాత్రం తిప్పి పెట్టుకుని వాయించేవాళ్ళున్నారు. బేస్ విషయంలో రెండు దారులూ తెరిచే ఉన్నాయి, కాబట్టి పరీక్షించి చూసుకోవాలి.

బేస్‌లో లయను మోసేది తీగ మీటే చెయ్యి. ఫ్రెట్ల (పొడుగాటి నెక్ మీద అడ్డంగా ఉండే కమ్మీల) మీద వేళ్ళు ఎక్కడ పెట్టాలన్నది అభ్యాసంతో వస్తుంది. కాలం సమానంగా నడపడం ఏ చేతికి తేలిగ్గా వస్తుందో ఆ చెయ్యి తీగల మీద ఉండాలి.

ఎవరిదైనా బేస్ ఒక వారం అరువు తెచ్చుకుని ఇలా చేయండి:

- ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం వేసే) యాప్ నిమిషానికి 60 దెబ్బలకి పెట్టండి. ఫ్రెట్లు నొక్కకుండా, ఒకే తీగను చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి మీటండి. ముందు కుడిచేత్తో, తర్వాత బేస్‌ను తిప్పి ఎడమచేత్తో.
- వేగం 80కి పెంచి మళ్ళీ చేయండి.
- రెండూ ఫోన్‌లో రికార్డు చేసి, వాయించినవాళ్ళు కాకుండా ఇంకొకరు వినాలి. ఏది నిలకడగా ఉందో వాళ్ళు చెప్పాలి.

వారం చివర్లో తేడా పెద్దగా లేకపోతే కుడిచేతి పద్ధతిలోనే నేర్చుకోండి. ఏ ఊరికెళ్ళినా, ఏ ఆర్కెస్ట్రాలోనైనా అక్కడున్న బేస్ అందుకుని వాయించొచ్చు, కొనేటప్పుడు ఎంపిక కూడా ఎక్కువ. ఎడమచెయ్యే స్పష్టంగా మెరుగైతే మొహమాటం వద్దు, ఎడమచేతి దారిలోనే వెళ్ళండి. ఇంట్లో పెద్దలు "కుడిచేత్తోనే పట్టుకో" అంటే ఆ రికార్డింగులు వినిపించండి.

## 2. ఉన్న దారులు

కుడిచేతి పద్ధతిలో నేర్చుకోవడం గురించి చెప్పేశాను. మిగిలినవి మూడు.

ఎడమచేతి బేస్ కొనడం. బాడీ, నట్, నాబ్‌లు, నెక్ పక్కనుండే గుర్తు చుక్కలు అన్నీ సరైన చోట ఉంటాయి. మోడళ్ళు, రంగులు తక్కువ. చాలాసార్లు ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి.

కుడిచేతి బేస్‌ను మార్చడం. కిందున్న ఎక్కువ భాగం దీని గురించే.

తీగలు మార్చకుండా తలకిందులుగా వాయించడం. అంటే లావు తీగ కింద, సన్న తీగ పైన. జిమ్మీ హాస్లిప్ లాంటి పేరున్న బేసిస్టు ఇలాగే వాయిస్తాడు, కాబట్టి అసాధ్యం కాదు. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నేను చెప్పను. గురువు చూపించే వేళ్ళ వరస, వీడియోల్లో కనిపించేది ఏదీ మీ చేతికి సరిపడదు. చర్చి బేస్ ఒక్కటే దిక్కు, దాన్ని మార్చడానికి వీల్లేదు అన్నప్పుడే ఈ దారి.

## 3. ఎడమచేతి బేస్ వెతకడం

మన జిల్లాల షాపుల్లో కీబోర్డులు, తబలాలు, అకూస్టిక్ గిటార్లు కనిపించినంతగా బేస్‌లు కనిపించవు. ఎడమచేతి బేస్ షెల్ఫులో ఉంటుందని ఆశ పెట్టుకోకండి. విశాఖపట్నం వెళ్ళేముందు ఫోన్ చేసి, బేస్ షాపులోనే ఉందో లేదో తేల్చుకోండి. "తెప్పిస్తాం సార్" అన్న మాటకి ఆమదాలవలస వెళ్ళి రైలెక్కక్కర్లేదు.

ఫోన్‌లో అడగాల్సినవి:

- బేస్ ఇప్పుడు షాపులో ఉందా, తెప్పించాలా? తెప్పిస్తే అడ్వాన్సు ఎంత?
- మోడల్ పూర్తి పేరు ఏమిటి? చివర 'ఎల్' లేదా 'ఎల్‌హెచ్' ఉంటే చాలావరకు ఎడమచేతిదే. అయినా ఫొటో చూడకుండా నమ్మొద్దు.
- వేరేది వస్తే వాపసు తీసుకుంటారా?
- అడ్వాన్సు రసీదు మీద 'లెఫ్ట్ హ్యాండ్' అని రాసిస్తారా?

చివరి ప్రశ్న చాదస్తంలా అనిపిస్తుంది గానీ, తర్వాత గొడవ వస్తే మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

ఫొటో చూసి గుర్తుపట్టడం. బేస్ మీ వైపు తిరిగి, తల పైకి నిలబడి ఉన్న ఫొటో తీసుకోండి. లావు తీగ మీకు ఎడమ వైపు కనిపిస్తే కుడిచేతి బేస్. కుడి వైపు కనిపిస్తే ఎడమచేతిది. ఎడమచేతి బేస్‌లో పొడుగు కొమ్ము కూడా కుడి వైపే ఉంటుంది, నాబ్‌లు ఎడమ వైపు దిగువన ఉంటాయి. తర్వాత తల మీది కంపెనీ పేరు చదవండి. అక్షరాలు తిరగబడి కనిపిస్తే అది అద్దంలో తిప్పినట్టు తిప్పేసిన ఫొటో, వచ్చేది కుడిచేతి బేసే. సెకండ్‌హ్యాండ్ ప్రకటనల్లో, సెల్ఫీ కెమెరాతో తీసిన ఫొటోల్లో ఈ తికమక ఎక్కువ.

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె తెరిచేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. సెకండ్‌హ్యాండ్ అయితే డబ్బు ఇచ్చేముందు ఇవి చూడండి:

- నెక్‌ను బ్రిడ్జి (బాడీ మీద తీగల చివరలు తగిలించే ముక్క) వైపు నుంచి ఒంటికన్నుతో చూస్తే మెలి తిరిగి ఉందా? మెలి ఉంటే కొనొద్దు.
- ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి వినండి. ఒకటి రెండు చోట్ల గరగర అంటే సరిచేయొచ్చు. నెక్ పొడవునా అంటే బేరమాడండి.
- నాబ్‌లు తిప్పితే చరచర శబ్దమా? జాక్ కదిపితే సౌండ్ పోతోందా? రెండూ చిన్న రిపేర్లే, కానీ ధర తగ్గించే కారణాలు.
- బ్రిడ్జి స్క్రూలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయా? కళింగపట్నం, భీమిలి వైపు సముద్రపు గాలి తగిలిన సామాన్లలో ఇది ముందు చూడాలి. అవి తిరగకపోతే ఎడమచేతికి మార్చడం కుదరదు.

పదీ పన్నెండేళ్ళ పిల్లలకైతే పొడవు కూడా చూడండి. మామూలు బేస్‌లో నట్ నుంచి బ్రిడ్జి దాకా 34 అంగుళాలు. షార్ట్ స్కేల్‌లో 30. చిన్న చేతికి మొదటి ఫ్రెట్ దగ్గర ఆ తేడా బాగా తెలుస్తుంది.

## 4. ఏ బేస్ మార్చడానికి పనికొస్తుంది

తల ఆకారమే ముందు చూడండి. రెండు వైపులా రెండేసి కీలు (తీగలు బిగించే మరలు) ఉన్న తల అన్నిటికంటే సులువు, తిప్పినా పెద్దగా తేడా రాదు. నాలుగు కీలూ ఒకే వైపున్న తలను తిప్పితే లావు ఇ తీగ (తీగల పేర్లు లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి) నట్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న కీ దాకా వెళ్ళాలి. ఆ పొడవు తీగ ప్యాకెట్లో ఉందో లేదో చూసుకోవాలి.

బాడీ రెండు వైపులా ఒకేలా ఉంటే ఇంకా మేలు. బీటిల్స్ బేసిస్టు పాల్ మెకార్ట్‌నీ హాఫ్నర్ బేస్ ఎంచుకోవడానికి ఆ సమానమైన ఆకారం కూడా ఒక కారణమని ఆయనే చెప్పాడు. మామూలు కొమ్ముల బేస్‌ను తిప్పితే పొట్టి కొమ్ము పైకొస్తుంది, తల కిందికి వాలుతుంది, పై ఫ్రెట్లకు చెయ్యి అందడం కష్టమవుతుంది. మొదటి ఏడాది నేర్చుకునే పాటలకు ఆ పై ఫ్రెట్లతో పెద్దగా పని ఉండదు కాబట్టి ఇది భరించదగ్గ లోపమే.

బ్రిడ్జిలో ప్రతి తీగకూ విడి శాడిల్ (తీగ ఆనే చిన్న ముక్క) ఉండాలి, ముందుకీ వెనక్కీ జరగాలి. నాబ్‌లు మోచేతి కిందికి వస్తాయి గనక నాబ్‌లు తక్కువుంటే మంచిది.

పికప్‌ల (తీగల కింద ఉండి మోతను పట్టే అయస్కాంత ముక్కల) గురించి కంగారు వద్దు. రెండు ముక్కలుగా విడగొట్టి పెట్టిన ప్రెసిషన్ రకం పికప్‌లో ఇ, ఎ తీగల కింద ఉండే ముక్క మారిపోతుంది, లావు తీగల గొంతు కొంచెం పదునెక్కుతుంది. అంతే, పని ఆగదు.

## 5. సామాను

- కొత్త తీగల సెట్టు, 45 నుంచి 105 (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం), లాంగ్ స్కేల్ (షార్ట్ స్కేల్ బేస్ అయితే షార్ట్ స్కేల్ సెట్టు)
- కొత్త నట్, బోన్ గానీ గట్టి ప్లాస్టిక్ గానీ. పాతదాని పొడవు, మందం కొలిచి ఆర్డర్ చేయండి. 'లెఫ్ట్ హ్యాండ్' గాడులతో దొరికితే సగం పని తప్పుతుంది
- బేస్‌కి సరిపోయే అలెన్ కీలు, స్టార్ స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లయర్
- సన్న ఉప్పుకాగితం, చిన్న ఆకురాయి, బ్లేడు, ఫెవిక్విక్
- డ్రిల్, 2.5 మిల్లీమీటర్ల బిట్. లేకపోతే వడ్రంగి
- ట్యూనర్ యాప్, పాత ఏటీఎం కార్డులు మూడు

నట్ గాడులు కోసే ప్రత్యేకమైన ఆకురాళ్ళ కోసం ఊరంతా తిరగక్కర్లేదు. పాత తీగ ముక్కకు సన్న ఉప్పుకాగితం చుడితే అదే ఆకురాయి. 105 తీగ కోసం గాడి కోయాలంటే 85 తీగకు కాగితం చుట్టండి, మందం సరిపోతుంది.

బొబ్బిలి చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు ఇంకో వీలుంది. గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చెక్కే పనివాళ్ళున్నారు. నట్ అంచులు నున్నగా దిద్దడం, స్ట్రాప్ బటన్‌కి చిల్లు పెట్టడం లాంటి పనులు అలాంటి చేతికి అప్పగించొచ్చు. ఎక్కడ, ఎంత అన్న కొలతలు మాత్రం మీరే గుర్తుపెట్టి ఇవ్వాలి.

## 6. మార్చే పని, ఈ వరసలోనే

### 6.1 విప్పేముందు

నట్, బ్రిడ్జి, పికప్‌లు దగ్గరగా ఫొటోలు తీయండి. 12వ ఫ్రెట్ దగ్గర ప్రతి తీగ ఎంత ఎత్తులో ఉందో రాసుకోండి. పని చెడితే వెనక్కి రావడానికి ఈ కాగితమే దారి.

### 6.2 తీగలు తీయడం

కీలు తిప్పి పూర్తిగా వదులు చేశాకే తీయండి. బిగుతుగా ఉన్న తీగను కత్తిరిస్తే ముఖానికి కొడుతుంది. పాత తీగలు పారేయకండి, ఆకురాయికి కావాలి.

### 6.3 నట్

అసలు పని ఇదే. తొందర పడేవాళ్ళందరూ దెబ్బతినేదీ ఇక్కడే.

కుడిచేతి నట్‌లో ఒక చివర 105 తీగకు వెడల్పు గాడి, ఇంకో చివర 45 తీగకు సన్న గాడి ఉంటాయి. తీగలు మార్చి పెడితే లావు తీగ సన్న గాడిలో కూర్చోదు, సన్న తీగ వెడల్పు గాడిలో కదిలి గరగరమంటుంది.

పాత నట్‌నే తీసి అటుదిటు తిప్పి పెడితే చాలదా అని అడుగుతారు. గాడుల వెడల్పులు సరిపోతాయి, వాలు సరిపోదు. గాడి కీల వైపు కొంచెం దిగువకు వాలి ఉండాలి. అప్పుడే తీగ నట్‌ను వదిలేది ఫ్రెట్‌బోర్డు అంచు దగ్గర. తిప్పితే ఆ వాలు ఎదురు తిరుగుతుంది, శ్రుతి తప్పుతుంది, తీగ సితార్‌లా జుమ్మంటుంది. చవక బేస్‌లో తిప్పి పెట్టి, ఆకురాయితో వాలు దిద్ది కాలం గడపొచ్చు. నిలబడే పని కావాలంటే కొత్త నట్ వేయండి.

తీసే పద్ధతి: నట్ చుట్టూ వార్నిష్‌ను బ్లేడుతో గీయండి. ఫ్రెట్‌బోర్డు వైపు నుంచి నట్‌కు చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టండి. గాడిలో దిగి ఉన్న నట్ అయితే పక్క నుంచి తోయండి. స్క్రూడ్రైవర్ దూర్చి పైకి పెకిలిస్తే కర్ర పెచ్చులూడుతుంది.

కొత్తదాన్ని ఇప్పుడే అతికించకండి. ఊరికే కూర్చోబెట్టి తీగలు బిగించండి, ఆ బిగువుకే అది నిలుస్తుంది. గాడులు సరిగ్గా వచ్చాక చివర్లో ఒక్క చుక్క ఫెవిక్విక్ చాలు.

గాడి లోతు తెలుసుకోవడానికి: తీగను రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద చూడండి. తీగకూ ఫ్రెట్‌కూ మధ్య కాగితం మందం సందు ఉండాలి. సందు ఎక్కువుంటే ఇంకొంచెం కోయండి. కోసినప్పుడల్లా తీగ పెట్టి చూడండి.

### 6.4 బ్రిడ్జి

శాడిళ్ళ మీద గాడులు తీగల లావును బట్టి వేరువేరుగా ఉంటే అటువి ఇటు మార్చండి. ఒకేలా ఉంటే చోటు మార్చక్కర్లేదు, ఎత్తులు మాత్రం తారుమారు చేయాలి. ఇ తీగ శాడిల్‌ను కొంచెం వెనక్కి, జి తీగది ముందుకి జరిపి మొదలుపెట్టండి. పికప్ ఒక వైపు దించి ఉంటే ఆ వాలు కూడా మార్చండి, లావు తీగల కింద అది కొంచెం దూరంగా ఉండాలి.

### 6.5 స్ట్రాప్ బటన్

కొత్తగా పైకొచ్చిన కొమ్ముకు బటన్ మార్చాలి. పాత బటన్ ఎదుటి కొమ్ము మీద ఎక్కడుందో అదే చోటు కొలిచి గుర్తు పెట్టండి. బిట్‌కి టేపు చుట్టి స్క్రూ పొడవు దాకానే దించండి. స్క్రూకి సబ్బు రాసి బిగిస్తే కర్ర చీలదు. పాత చిల్లులో ఫెవికాల్ రాసిన అగ్గిపుల్ల దూర్చి కోసేయండి.

### 6.6 తీగలు బిగించడం

ఒళ్ళో ఎడమచేతి పద్ధతిలో పెట్టుకుంటే మీ కంటికి దగ్గరగా ఇ, తర్వాత ఎ, డి, చివర జి.

తీగను కీ దాటాక 10, 12 సెంటీమీటర్లు వదిలి, అక్కడ ముందు మడత పెట్టి, మడతకు అవతల కత్తిరించండి. మడవకుండా కత్తిరిస్తే చుట్టిన తీగ లోపల వదులవుతుంది, మోత చచ్చిపోతుంది. కీకి రెండు మూడు చుట్లు, పై నుంచి కిందికి.

నాలుగు కీలూ ఒకే వైపున్న తల మీద తీగల్ని కిందికి నొక్కే చిన్న గుండ్రటి ముక్క ఉంటుంది. అది డి, జి కోసం పెట్టింది. ఇప్పుడు దాని కిందికి ఎ, ఇ వస్తాయి. ఇరుకైతే స్క్రూ వదులు చేయండి. అయినా పట్టకపోతే తీసేసి, తీగ నట్‌లో గట్టిగా కూర్చుందో లేదో చూడండి.

శ్రుతికి తెచ్చి ఒక రాత్రి వదిలేయండి. కొత్త తీగలు సాగుతాయి, నెక్ సర్దుకుంటుంది.

### 6.7 సెట్టింగు

వరస: నెక్ వంపు, తీగ ఎత్తు, ఆ తర్వాతే శ్రుతి సవరణ. ఇది తారుమారైతే చేసిన పని మళ్ళీ చేయాలి.

నెక్ వంపు. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టుకోండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండే ఇనప కడ్డీని) బిగించే వైపు, అసలు లేకపోతే వదులు చేసే వైపు తిప్పండి. ఒకసారికి పావు చుట్టే. మళ్ళీ శ్రుతి చేసి, కొన్ని గంటలు ఆగి చూడండి. బిగుసుకుపోతే బలవంతం చేయొద్దు.

తీగ ఎత్తు. 12వ ఫ్రెట్ దగ్గర తీగ కింద ఏటీఎం కార్డులు పెట్టండి. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ఇ తీగ కింద మూడు కార్డులు తేలిగ్గా దూరాలి. జి తీగ కింద రెండు కార్డులు దూరి, మూడోది పట్టీపట్టనట్టు ఉంటే బాగుంటుంది. గరగర వస్తే కొంచెం ఎత్తండి.

శ్రుతి సవరణ. 12వ ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు మీటితే వచ్చే స్వరం, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరం, రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపించాలి. నొక్కినది ఎక్కువ చూపిస్తే శాడిల్‌ను నెక్‌కి దూరంగా, తక్కువ చూపిస్తే దగ్గరగా జరపండి. జరిపేముందు తీగ వదులు చేయండి.

### 6.8 పక్క చుక్కలు

నెక్ పక్కనుండే చుక్కలు ఇప్పుడు నేల వైపు తిరిగిపోయాయి. పై అంచు మీద 3, 5, 7, 9, 12 ఫ్రెట్ల దగ్గర తెల్ల నెయిల్‌పాలిష్‌తో చుక్కలు పెట్టండి. 12 దగ్గర రెండు. చుక్క వచ్చేది ఫ్రెట్ కమ్మీ దగ్గర కాదు, రెండు కమ్మీల మధ్య.

## 7. వచ్చే ఇబ్బందులు, విరుగుడు

నట్ గాడి లోతైపోయింది, ఫ్రెట్ నొక్కకుండా మీటితే తీగ గరగరమంటోంది. గాడిలో చిటికెడు వంటసోడా వేసి, దానిమీద ఫెవిక్విక్ చుక్క వేయండి. క్షణంలో రాయిలా గట్టిపడుతుంది. పొగ ముఖానికి తగలనీయకండి. మళ్ళీ మెల్లగా కోయండి.

తల కిందికి వాలుతోంది. వెడల్పాటి, లోపలి వైపు గరుకుగా ఉన్న తోలు స్ట్రాప్ వాడండి. నున్నటి నైలాన్ స్ట్రాప్‌తో వాలడం ఆగదు. ఫ్రెట్లు నొక్కే కుడిచేత్తో తలను మోయడం అలవాటైతే మణికట్టు నొప్పి పట్టుకుంటుంది.

మోచేతి కింద వాల్యూమ్ నాబ్ తిరిగిపోతోంది. నాబ్ కింద పలచని ఫెల్టు గుడ్డ వాషర్‌లా వేస్తే బిగువవుతుంది. లేదంటే వాల్యూమ్ పూర్తిగా పెట్టి టేపు వేసి, సౌండ్‌ను యాంప్ దగ్గర సర్దుకోండి.

కేబుల్ పైకి పొడుచుకొస్తోంది. వంపు జాక్ ఉన్న కేబుల్ కొని, స్ట్రాప్ వెనక నుంచి తిప్పి తీసుకురండి.

వర్షాకాలంలో తీగ ఎత్తు మారింది. చెడిపోలేదు, తేమకు కర్ర కదిలింది. నెక్ వంపు మళ్ళీ చూసుకోండి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగలు తుడవండి. కవర్‌లో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి.

## 8. నేర్చుకోవడం మొదలుపెట్టాక

ట్యాబ్‌లు (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అంకెల్లో రాసినవి) ఎడమచేతి వాళ్ళకూ అవే, తిప్పి చదవక్కర్లేదు. ఫ్రెట్‌బోర్డు బొమ్మలు మాత్రం అద్దంలో చూసినట్టు ఊహించుకోవాలి. ఫోన్‌లో ఆ బొమ్మ ఫొటో తీసి అడ్డంగా ఫ్లిప్ చేస్తే సరి, అంకెలు తిరగబడినా చుక్కల చోట్లు సరిపోతాయి.

కుడిచేతి గురువు ఎదురుగా కూర్చుని వాయిస్తే ఎడమచేతి శిష్యుడికి లాభమే. ఆయన నెక్ ఏ వైపుంటే మీ నెక్ కూడా ఆ వైపే ఉంటుంది, వేళ్ళు చూసి చూసినట్టు పెట్టేయొచ్చు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తానంటే, ఎదురుగా కూర్చుంటానని అడగండి.

పందిట్లో చిన్న స్టేజీ మీద వాయించేటప్పుడు మీ నెక్ మీ కుడి వైపు పొడుచుకొస్తుంది. కుడిచేతి గిటారిస్టుది తన ఎడమ వైపుకి. అందుకని మీ కుడి పక్కన ఎవరూ లేని చివర చోటు తీసుకోండి. లేకపోతే మీ బేస్ తల పక్కవాడి కీబోర్డు స్టాండుకో, మైకుకో తగులుతుంది.